కుక్కలకు మాత్రమే

సోమవారం పొద్దున బైండింగు షాపు తలుపులు తీసేసరికి పిల్లి కాగితం రీముల మీద కూర్చుని ఎడమ చెవి గోక్కుంటోంది. ఎంత కసిగా గోక్కుంటోందంటే, కింద రీము చుట్టూ ఉన్న కాగితం మీద చిన్న చిన్న రక్తపు చుక్కలు పడ్డాయి. దాని పేరు జిగురు. కూనగా ఉన్నప్పుడు మైదా జిగురు కాచిన బకెట్లో పడితే తీసి బతికించారు. అప్పటినుంచి ఆ పేరు దానికి అతుక్కుపోయింది. మైదా జిగురున్న చోటికి ఎలుకలొస్తాయి, ఎలుకలొచ్చిన చోట అచ్చుకాగితాలు మిగలవు. కాబట్టి ఆ షాపులో దాన్ని పెంపుడు పిల్లి అనడం కంటే ఉద్యోగస్తురాలు అనడమే సబబు.

"సూదక్కా, దాని చెవి చూశావా?" అన్నాడు ఓనరు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. "మధ్యాహ్నం అన్నం టైములో పశువుల డాక్టరమ్మకి చూపించుకురా. చీము పట్టిందంటే కష్టం."

"అలాగే సార్," అంది సూదక్క.

ఆమె సొంతపేరు షాపులో చాలామందికి తెలియదు. మడతపెట్టిన ఫారాలను వరసగా పేర్చి, వెన్ను దగ్గర సూదితో కుట్టి పుస్తకంగా నిలబెట్టడం ఆమె పని. ఆ వారం ఆసుపత్రి రిజిస్టర్లు నాలుగు వందలు శనివారానికి అప్పజెప్పాలి. అందులో ఆమె చేతి మీదుగా వెళ్ళినవి అప్పటికి అరవై. మధ్యాహ్నం గోడగడియారం చూసుకుంటే డాక్టరమ్మ దగ్గర వరసలో నిలబడటానికే గంటన్నర పోతుందనిపించింది. రేపు చూద్దాంలే అనుకుని, సందు వెనకే ఉన్న ఇంటికి అన్నానికి వెళ్ళింది.

మెట్ల మీద పైవాటా పిన్నిగారు తన కుక్కకి జుట్టు దువ్వుతోంది. ఆవిడ రిటైరైన టీచరు. ఆ కుక్క తప్ప ఆవిడకి ఇంకో లోకం లేదు. పిల్లి సంగతి విని, "అయ్యో, దీనికోసం డాక్టరెందుకే! పోయిన నెల మావాడికీ ఇదే. మూడు రోజుల్లో చేత్తో తీసేసినట్టు పోయింది," అంటూ లోపలికెళ్ళి ఒక చిన్న సీసా తెచ్చి చేతిలో పెట్టింది. "సగం మిగిలిపోయింది. పొద్దునో నాలుగు చుక్కలు, సాయంత్రమో నాలుగు. అంతే."

సీసా మీద చెవులు వేలాడేసుకున్న కుక్క బొమ్మ ఉంది. చెవి చెవే కదా, అనుకుంది సూదక్క.

తిరిగొచ్చేసరికి షాపులో ఎవరూ లేరు. ఆమె జిగురుని పాత దుప్పటి ముక్కలో చుట్టి, మోకాళ్ళ మధ్య బిగించింది. వెన్ను కుట్టేటప్పుడు పుస్తకాన్ని ఎలా పట్టుకుంటుందో అలాగే. చెవి మడత తెరిచి సీసా వంచితే మందు చుక్కలుగా కాదు, తేనెలా చిక్కగా ధారకట్టి దిగింది. నాలుగు చుక్కలో, పదో, లెక్క తెలియలేదు. బయటనుంచి చెవి మొదలు రుద్దింది. పిల్లి తల విదిలించి, మోకాళ్ళలోంచి జారి, బీరువా కిందికి దూరింది.

మూడింటికి ఓనరు, "చూపించావా?" అన్నాడు.

సూదక్క పళ్ళ మధ్య సూది ఉంది. "ఊఁ," అంది.

"మందు వేశారా?"

"ఊఁ. వేశాం."

ఆ రెండో మాటలో అబద్ధం లేదని మనసుకి సర్దిచెప్పుకుని, దారానికి మైనం రాసుకుంది.

*

షాపులో అందరికంటే ముందొచ్చేది కటింగ్ మాస్టరు. ఏడింటికల్లా వచ్చి, బ్లేడు తుడిచి, నూనె వేసి, ఒక కట్ట చిత్తుకాగితం కోసి చూసుకుంటేగానీ ఆయనకి రోజు మొదలవదు. మంచి పనివాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా కట్టంతా పక్కన పెట్టేస్తాడు. నోరు మాత్రం ఆ బ్లేడుకి అన్న. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ లెక్కన ఆయనకి ఊరే లేదు. అందులోనూ జిగురంటే పడదు. కిందటి వారమే అది జిగురు పాదాలతో కోసిన కాగితాల మీద నడిచి పన్నెండు పేజీలు పాడుచేస్తే, చెక్కముక్క విసిరి, "ఏదో ఒకరోజు నిన్ను ఈ బ్లేడు కింద పెట్టకపోతే చూడు!" అన్నాడు. చెక్క గోడకి తగిలింది. మాట మాత్రం అందరి చెవుల్లోనూ ఉండిపోయింది.

మంగళవారం ఎనిమిదిన్నరకి సూదక్కా, జిగురు పూసే అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసే లోపలికొచ్చారు. మాస్టరు మిషను పక్కన గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన రెండు చేతుల్లో పిల్లి. దాని తల ఎడమ పక్కకి, ఎవరో పట్టుకుని తిప్పినట్టు, వంగిపోయి ఉంది. ఎడమ కన్ను లోపలి మూలనుంచి తెల్లటి పొర ఒకటి జారి సగం కనుగుడ్డుని కప్పేసింది. గచ్చంతా తడి.

"ఏం చేశావయ్యా దాన్ని!" అని కేకపెట్టింది అక్కచెల్లెళ్ళలో పెద్దది.

"నేనేం చేశాను? నేనొచ్చేసరికే..."

ఆయన పిల్లిని కిందికి దించాడు. అది లేచి నిలబడబోయి ఎడమవైపుకి పడింది. మళ్ళీ లేచి గుండ్రంగా రెండు చుట్లు తిరిగి, గోడకి ఆనుకుని, ఒళ్ళంతా కుదుపుతూ కక్కుకుంది. కడుపులో ఏమీ లేదు, నురగ తప్ప.

సూదక్క ఒక అడుగు ముందుకొచ్చింది. "నోరులేని దాని మీద ఏం కసి మాస్టారూ మీకు!" అంది. ఆ మాట ఆమె నోట్లోంచే వచ్చింది, అందరికంటే గట్టిగా.

ఓనరు వచ్చాడు. చూశాడు. "ఏం విసిరావు?" అన్నాడు.

"ఏమీ విసర్లేదు."

"మొన్న చెక్క విసిరిందెవరు?"

"మొన్న విసిరాను. ఇవాళ విసర్లేదు."

"మరి దాని తల దానంతటదే తిరిగిందా?"

మాస్టరు ఏదో అనబోయి మానేశాడు. ఎన్నడూ మాటకి తడుముకోని మనిషి అలా నోరు మూసుకోవడంతో, అందరికీ అదే రుజువైపోయింది.

"ఇంటికెళ్ళు," అన్నాడు ఓనరు. "నేను పిలిచినప్పుడు వద్దువుగానీ. పిలిస్తే."

మాస్టరు వెంటనే కదల్లేదు. నూనెగుడ్డతో బ్లేడు ఈ చివరనుంచి ఆ చివరకి ఒకసారి తుడిచాడు. మిషను తాళంచెవి తెచ్చి ఓనరు బల్ల మీద, చప్పుడు కాకుండా పెట్టాడు. మేకుకి తగిలించిన క్యారేజీ తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మూత కూడా తియ్యని క్యారేజీ అది.

*

డాక్టరమ్మ దగ్గరికి సూదక్కా, అక్కచెల్లెళ్ళలో చిన్నదీ కలిసి వెళ్ళారు. చల్లటి స్టీలు బల్ల మీద పిల్లిని పడుకోబెడితే, ఓడ మీద ఉన్నట్టు నాలుగు కాళ్ళూ చాచి గోళ్ళతో బల్లని పట్టుకోబోయింది. డాక్టరమ్మ సన్నటి లైటు వేసి కళ్ళు చూసింది. ఆవిడకి ముప్పై దాటి ఉండవు. చేతులు మాత్రం తొందరపడని చేతులు.

"కనుగుడ్లు చూడండి, పక్కకి కొట్టుకుంటున్నాయి. దీనికి ఇప్పుడు గది మొత్తం గిర్రున తిరుగుతున్నట్టుంటుంది. ఎప్పటినుంచి?"

"పొద్దున్నించండీ. మా కటింగ్ మాస్టారు కొట్టాడు," అంది చిన్నది.

"మీరు చూశారా?"

"చూడక్కర్లేదండీ. ఆయన నోరు అలాంటిది."

"నోటితో తల వంకరపోదమ్మా," అంది డాక్టరమ్మ, దవడలు తడుముతూ. "వాపు లేదు. పళ్ళ దగ్గర రక్తం లేదు. దెబ్బ తగిలిన చోటే కనపడట్లేదు." ఎడమ చెవి వెనక్కి మడిచింది. "చెవి ఎర్రగా ఉంది. ఇందులో ఏమన్నా వేశారా?"

చిన్నది సూదక్క ముఖంలోకి చూసింది. ఏమీ అనుమానించి కాదు, జవాబు ఆమె చెబుతుందని. నిన్న ఓనరుతో అన్న 'ఊఁ' సూదక్కకి గుర్తొచ్చింది.

"గుడ్డతో తుడిచానండీ," అంది.

డాక్టరమ్మ ఒక క్షణం చూసి, ఇంజెక్షను నింపుకుంది. "వాంతులు ఆగడానికి ఇస్తున్నాను. ఇవాళ్టికి ఇక్కడే ఉంచండి. చెవి లోపల పుండో, తలకి దెబ్బో, మెదడులో ఏమన్నానో... రేపు మత్తిచ్చి ఎక్స్‌రే ఫోటో తియ్యాలి. ఇంత నీరసంలో మత్తు తట్టుకుంటుందని మాటివ్వలేను. మీరు ఇంటికెళ్ళి బాగా గుర్తు తెచ్చుకోండి. ఏం తింది, ఏం తాగింది, దాని ఒంటి మీద ఏం పడింది, చెవిలో ఏం పడింది. పిసరంతైనా సరే, నాకు పనికొస్తుంది."

ఆ సాయంత్రం దాకా సూదక్క కుట్టిన పుస్తకాల్లో రెండింటికి ఫారాల వరస తప్పింది. ఇరవై రెండేళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి. విప్పి మళ్ళీ కుట్టింది. కటింగ్ మిషను దగ్గర ఓనరే నిలబడి, ఒక్కో కట్టనీ మూడుసార్లు కొలుచుకుంటూ, చెమటలు కక్కుతూ కోశాడు.

*

ఇంటికొచ్చాక సీసా చేతిసంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆమె భర్త బస్సు డ్రైవరు. అప్పుడే డ్యూటీ దిగి, కాళ్ళు బకెట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇదేంటో చదివి పెట్టు," అంది. "అక్షరాలు మరీ చీమల్లా ఉన్నాయి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, చెయ్యి బారుగా చాపి, సీసాని దీపం వైపు తిప్పాడు. "చెవి మందు... బాగా ఊపి వాడవలెను... కుక్కలకు మాత్రమే." సీసా ఇంకాస్త తిప్పాడు. "పిల్లులకు వాడరాదు." తలెత్తి చూశాడు. "ఇదెందుకు మనింట్లో?"

ఆమె చెప్పింది. పిన్నిగారు ఇచ్చిందీ, ఓనరుతో ఊఁ అన్నదీ, డాక్టరమ్మతో గుడ్డ అన్నదీ, మాస్టరుని కసి అన్నదీ. చెప్పేకొద్దీ ఒక్కోటీ మొదట అనుకున్నదాని కంటే పెద్దదిగా కనిపించింది. "పాపం పిన్నిగారు మంచికే ఇచ్చింది," అని ముగించింది.

"పిన్నిగారి మాట వదిలెయ్. ఆవిడ సీసా ఇచ్చింది, అబద్ధం ఇవ్వలేదుగా."

సూదక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు," అంది. అడిగినట్టుంది ఆ మాట.

ఆయన బకెట్లో కాళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. "తెలియదు. కానీ చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. పది రోజులు నీకు నిద్రుండదు, నీ మూలంగా నాకుండదు, నిద్రలేకుండా నేను బస్సు తోల్తే అరవై మందికి ప్రాణసంకటం. ఎందుకొచ్చిన గోల! పొద్దున్నే వెళ్ళి చెప్పేసిరా."

ఏడుపులోనే ఆమెకి నవ్వొచ్చింది. పెళ్ళైనప్పటినుంచీ ఆ మనిషి ఆమెని ఏ గోతిలోంచి లాగినా ఇలా హాస్యంతోనే లాగుతాడు. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఆ పూటా అనలేదు గానీ, బకెట్లో వేణ్ణీళ్ళు కలిపి తెచ్చింది.

*

బుధవారం డాక్టరమ్మ తాళం తీసేసరికి మెట్టు మీద సూదక్క కూర్చుని ఉంది. లేచి నిలబడి, నమస్కారం కూడా మరిచిపోయి, సీసా చాపింది.

"ఇది వేశానండీ. సోమవారం మధ్యాహ్నం. ఎడమ చెవిలో. నాలుగు చుక్కలనుకున్నాను, ఎక్కువే పడింది. నిన్న అబద్ధం చెప్పాను."

డాక్టరమ్మ సీసా చదివింది. సూదక్క తిట్లకోసం ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది కూడా.

"లోపలికి రండి," అంది డాక్టరమ్మ. "ఇంకో గంట ఆగి ఉంటే ఫోటోకి మత్తిచ్చేదాన్ని, తలలో వెతుకుతూ కూర్చునేదాన్ని. ఇప్పుడు తేలిక మత్తు చాలు. చెవి కడుగుదాం."

జిగురు పంజరం మూలకి తల ఆనించి, అరకంటితో చూసింది. డాక్టరమ్మ గోరువెచ్చటి ఉప్పునీళ్ళు సూదిలేని సిరంజిలోకి ఎక్కించి, నెమ్మదిగా చెవిలోకి వదిలి, మళ్ళీ లాగింది. మొదట జిడ్డుగా తెట్టెలు తెట్టెలుగా వచ్చింది మందు. సూదక్క రెండు చేతులా తలని పట్టుకుంది. ఆ చిన్న తల బరువు మొత్తం ఆమె అరచేతుల్లో ఉంది.

"కుక్కకి సరిపడేది పిల్లికి సరిపడాలని లేదు," అంది డాక్టరమ్మ, కళ్ళు చెవి మీదనుంచి తియ్యకుండా. "నడక తూకం చూసే నరాలూ, కంటికెళ్ళే నరాలూ ఈ చెవి లోపలినుంచే పోతాయి. కొన్ని మందులు వాటిని దెబ్బతీస్తాయి. అందుకే తల వంగింది, కన్ను మూసుకుపోయింది. అది నిన్నంతా పంజరానికి ఒరిగిపోయి ఉంది అందుకే. ఎవరి దెబ్బా కాదు."

ఎవరి దెబ్బా కాదు. ఆ మాట సూదక్క లోపల దిగబడిపోయింది.

"బతుకుతుందా అమ్మా?"

"చాలావరకు కోలుకుంటాయి. నడక రెండు మూడు వారాల్లో కుదురుకోవచ్చు. కన్ను ఎండిపోకుండా ఆయింట్‌మెంటు రాస్తుండాలి. అన్నం మీరే నోట్లో పెట్టాలి. ఎడమ చెవి వినికిడి సంగతి ఇప్పుడే చెప్పలేను." నీళ్ళు తేటగా రావడం మొదలయ్యాయి. ఆవిడ సిరంజి పక్కన పెట్టింది. "నేను చదువు ముగించిన కొత్తలో ఇలాంటి మందే ఒక పిల్లికి వేశాను. డాక్టర్ని, తెలిసుండాల్సిన దాన్ని. ఆ ఇంటివాళ్ళతో పిల్లికి పక్షవాతం వచ్చిందని చెప్పాను. మీరు ఒక్క రోజులో సీసా తెచ్చారు. నేను ఆ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు."

సూదక్క ఆవిడ చేతులు పట్టుకోబోయి, తన చేతులు తడిగా ఉన్నాయని ఆగిపోయింది. డాక్టరమ్మే ఆ తడిచేతుల మీద ఒక టవలు వేసి, కొంచెంసేపు అలా పట్టుకుంది.

షాపుకెళ్ళేసరికి అందరూ పనిలో ఉన్నారు. సూదక్క సంచి కూడా దించకుండా గది మధ్యలో నిలబడి, "ఒక్కమాట వినండి," అంది. చెప్పింది. గుమ్మందాకా వచ్చిన ధైర్యం సగంలో జారిపోతే, మిగతా సగం నేల చూస్తూ చెప్పింది.

జిగురు కుంచె పట్టుకున్న పెద్దామె నోరు వెళ్ళబెట్టింది. ఓనరు కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఆ మనిషిని పొమ్మన్నాను. నన్నెంత పాపంలో దింపావు!"

"నేనూ దిగాను సార్. అందరికంటే గట్టిగా అన్నది నేనే."

"మేమూ అన్నాంలే," అంది చిన్నది మెల్లిగా. "తిలాపాపం తలా పిడికెడు."

ఓనరు ఫోను తీశాడు. "పిలుద్దాం. రమ్మందాం."

"అందరి ముందూ పొమ్మన్నారు సార్," అంది సూదక్క. అలా మాట్లాడటం ఆ షాపులో ఆమెకి అదే మొదలు. "ఫోన్లో రమ్మంటే అది సరిపోదు."

ఓనరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ముందు నువ్వెళ్ళు. చెప్పాల్సింది నువ్వు చెప్పు. నేను చెప్పాల్సింది నేను ఇక్కడే, వీళ్ళ ముందే చెబుతాను."

*

మాస్టరు ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. తలుపు ఆయన భార్య తీసింది. లోపల మాస్టరు గచ్చు మీద సానరాయి పెట్టుకుని కూరగాయల కత్తి నూరుతున్నాడు. పక్కన గుడ్డ మీద కత్తెరలూ కత్తులూ వరసగా, తళతళలాడుతూ ఉన్నాయి.

"నిన్నట్నుంచీ ఇదే," అంది భార్య. "మా ఇంట్లోవయ్యాయి, పక్కవాళ్ళవయ్యాయి, కిందింటివాళ్ళవి తెమ్మంటున్నాడు. ఇక ఈ వీధిలో చెంచాలే మిగిలాయి."

మాస్టరు తలెత్తాడు. సూదక్కని చూసి చెయ్యి ఆపాడు. "పోయిందా?" అన్నాడు.

"ఏది?"

"అదే. పిల్లి."

"లేదు మాస్టారూ. బతికే ఉంది."

ఆయన కత్తి కింద పెట్టాడు. ఊపిరి వదలడం వినిపించింది. "మంచినీళ్ళు తాగించబోతే మింగలేకపోయింది. అప్పుడే అనుకున్నా, ఇది దెబ్బ కాదు ఇంకేదో అని. ఒళ్ళంతా వణికింది. దూదిలో పెడదామని చేతుల్లోకి తీసుకున్నా, మీరొచ్చారు."

సూదక్క నిలబడే చెప్పింది. సీసా పేరు, రోజు, వేళ, తన 'ఊఁ', అన్నీ. మాస్టరు భార్య ముఖం ఎర్రబడింది.

"అమ్మా, నీకిప్పుడా గుర్తొచ్చింది? నిన్న ఈ మనిషి గుక్కెడు నీళ్ళు ముట్టలేదు తెలుసా? ఏం జరిగిందయ్యా అంటే చెప్పడు. నేను ఏమేమి అనుకున్నానో! చిన్నా పెద్దా చూడకుండా వాగుతాడు, ఒప్పుకుంటా. అంతమాత్రాన నోరులేని జీవాన్ని కొడతాడా? కుక్కని చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టారట!"

"తప్పే వదినా," అంది సూదక్క. "ఎంత తిట్టినా తిట్టు. నేను అందుకే వచ్చాను."

"తిడతాను! ఎందుకు తిట్టను?" అందామె. కానీ కళ్ళలో నీళ్ళు తిరిగి, తిట్లు రాలేదు. చరచరా లోపలికెళ్ళి గిన్నెలు చప్పుడు చేసింది.

మాస్టరు సానరాయి మీది నీళ్ళు వేలితో అటూ ఇటూ గీశాడు. "కూర్చో చెల్లెమ్మా," అన్నాడు. ఆ షాపులో ఆయన ఎవరినీ వరస పెట్టి పిలిచినవాడు కాడు. సూదక్క కూర్చుంది.

"నాకు పాతికేళ్ళప్పుడు ఇంకో ప్రెస్సులో పనిచేశా. ఓనరు గడియారం పోయింది. నేనే తీశానన్నారు. నా నోరు అప్పుడూ ఇంతే. అప్పుడూ నన్ను పొమ్మన్నారు. ఆ గడియారం దొరికిందట, తర్వాత రెండేళ్ళకి తెలిసింది. బల్ల వెనక పడిపోయిందట. ఎవరికి దొరికిందో వాడు నాకు బాగా తెలిసినవాడే. నా ఇల్లు వాడికి తెలుసు." ఆగాడు. "రాలేదు. ఒక్కడూ రాలేదు."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నిన్న తాళంచెవి పెట్టి వస్తుంటే అదే అనుకున్నా. ఈసారీ అంతే, ఎవడూ రాడు, మనం మన కత్తులు నూరుకుంటూ కూర్చోవడమే అని." ఆయన కళ్ళెత్తాడు. "నువ్వొచ్చావు. ఒక్క రోజులో. మూడంతస్తులెక్కి వచ్చావు. నాకు చాలా... ఏమనాలో తెలియట్లేదు. అలవాటు లేదు నాకు ఇలాంటి మాటలు. చల్లగా ఉండు."

క్షమించమని అడగడానికి వచ్చిన మనిషికి అవతలివాడు దణ్ణం పెట్టినంత పని చేస్తే ఏం చెయ్యాలి? సూదక్క ముందే అల్లుకొచ్చిన మాటలన్నీ ఎగిరిపోయాయి. "అయ్యో మాస్టారూ, అలా అనకండి. నన్ను చావగొట్టినట్టుంది," అంది, వెక్కుతూ.

వంటింట్లోంచి భార్య మూడు గ్లాసుల టీ తెచ్చింది. ఒకటి సూదక్క ముందు టక్కున పెట్టింది. "తాగు," అంది. "చల్లారితే బాగుండదు." తర్వాత మొగుడి వైపు తిరిగి, "ఆ గడియారం సంగతి ఇన్నేళ్ళూ నాతో ఒక్క ముక్క చెప్పావా నువ్వు?" అంది, ఆయన భుజం మీద చెయ్యి వేస్తూ.

*

గురువారం మాస్టరు ఏడింటికే వచ్చాడు. అక్కచెల్లెళ్ళూ, సూదక్కా ఆ రోజు ఏడింటికే వచ్చారు. ఓనరు అందరికంటే ముందొచ్చి, మిషను పక్కన నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ, నేను చూడకుండా మాటన్నాను. నీ పనికి వంక పెట్టలేక నీ నోటికి వంక పెట్టుకుని, దాంతోనే తీర్పు చెప్పేశాను. వీళ్ళ ముందు అన్నాను, వీళ్ళ ముందే ఒప్పుకుంటున్నాను. తప్పు నాది," అన్నాడు. తాళంచెవి రెండు చేతులతో అందించాడు.

మాస్టరు అందుకున్నాడు. ఏదో అంటాడని అందరూ చూశారు. ఆయన కోసిన కట్టల దగ్గరికెళ్ళి, ఒకటి తీసి అంచు మీద బొటనవేలు నడిపి, ముఖం చిట్లించాడు.

"మంగళవారం, బుధవారం ఇవెవరు కోశారు?"

"నేనే," అన్నాడు ఓనరు.

"అందుకే," అన్నాడు మాస్టరు. "ఎలక కొరికినట్టున్నాయి. మళ్ళీ కొయ్యాలి. జరగండి."

పెద్దామె ముందు కిసుక్కుమంది. తర్వాత ఓనరే నవ్వేశాడు.

జిగురుని ఆ సాయంత్రమే ఇంటికి పంపారు. ఇల్లంటే షాపే. వాంతులు ఆగాయి, కళ్ళు కొట్టుకోవడం ఆగింది. తల మాత్రం ఇంకా, ఎవరో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు, ఎడమకి ఒరిగే ఉంది. పైవాటా పిన్నిగారు విషయం తెలిసిన దగ్గర్నుంచీ కుమిలిపోయి, మందుల డబ్బా మొత్తం బోర్లించి పాతవన్నీ పారేసింది. రోజుకి రెండుసార్లు షాపుకొచ్చి, మెత్తగా చిదిమిన చేపని వేలికొసతో పిల్లి నాలుక మీద పెట్టడం తన డ్యూటీ చేసుకుంది. పొద్దునా సాయంత్రం కంటికి ఆయింట్‌మెంటు రాయడం సూదక్కది. రాసిన ప్రతిసారీ అది చిన్నగా మూలిగి, ఆమె మణికట్టు మీద గడ్డం ఆనించేది. కీడు చేసిన చెయ్యి అదేనని దానికి తెలియదు. తెలియని దాని ఆ నమ్మకాన్ని సూదక్క ఎవరో ఇచ్చిన దానంలా పుచ్చుకునేది.

శనివారం పదకొండింటికి మూడు వందల తొంభై పుస్తకాలు అయ్యాయి. ఆఖరి పది మాస్టరు మిషను మీద ఉన్నాయి. బిగింపు చక్రం తిప్పి, కాలు పెడలు మీద పెట్టినప్పుడు గది అటుచివర అట్టపెట్టెలోంచి జిగురు లేచింది. నాలుగు రోజుల తర్వాత అది తనంతట తాను లేవడం అదే మొదలు. ముందుకాళ్ళు బయటపెట్టి, కాసేపు ఊగి, నిలదొక్కుకుని, నడవడం మొదలుపెట్టింది. నీళ్ళ గిన్నె మిషనుకి ఇవతల ఉంది. నేరుగా వస్తే పది అడుగులు. అది నేరుగా రాలేదు. ఎడమకి జారుతూ, సర్దుకుంటూ, వంపుగా, మిషను ముందునుంచి చుట్టుదారిలో వస్తోంది.

మాస్టరు పెడలు మీదనుంచి కాలు తీశాడు. అక్కచెల్లెళ్ళు కుంచెలు గిన్నెలో వదిలేశారు. సూదక్క చేతిలో దారం అలాగే నిలిచిపోయింది. పిల్లి ఒకచోట కూలబడింది. ఎవరూ లేపలేదు. దానంతటదే లేచింది.

లోపలి గదిలోంచి ఓనరు కేకేశాడు. "మిషను ఆగిందేం మాస్టారూ? బండి వచ్చేస్తోంది!"

"ఒక్క నిమిషం ఆగండి సార్," అన్నాడు మాస్టరు, గొంతు తగ్గించి. "దారిలో మనిషున్నారు. దాటనివ్వండి."